.22 రైఫిల్‌కి ఏ స్కోప్ పెట్టాలి? కుందేళ్లు, నేల ఉడతల కోసం

పొలంగట్టు

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ ఫోరంలో అందరి పోస్టులూ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

నా దగ్గర .22 ఎల్‌ఆర్ (చిన్న తూటా) బోల్ట్ రైఫిల్ ఉంది. పంట పాడుచేసే కుందేళ్లు, నేల ఉడతలు, అంతే నా వేట. లైసెన్సు, అనుమతి అన్నీ ఉన్నాయి కాబట్టి ఆ చర్చ ఇక్కడ వద్దు. ఇంతకాలం ఐరన్ సైట్లతోనే, అంటే తుపాకీ మీదుండే మామూలు గురి పుల్లలతోనే నెట్టుకొచ్చాను. 30 గజాల దాకా ఇబ్బంది లేదు. అది దాటితే ముందు సైట్ పుల్లే ఉడత కంటే లావుగా కనిపిస్తుంది. పుల్ల వెనక ఉన్నది ఉడతో, మట్టిగడ్డో తెలియదు. పోయిన వారం ఒకదానికి గాయం చేసి పోగొట్టుకున్నాను. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ బొరియలోకి పోయింది. అప్పటి నుంచి మనసు బాగోలేదు. స్కోప్ లేకుండా ఇక తుపాకీ ఎత్తకూడదనుకున్నాను.

6-24×50 స్కోప్ ఒకటి చూసిపెట్టాను, అంటే 6 నుంచి 24 రెట్ల జూమ్, ముందు అద్దం 50 మి.మీ. ఫోటోల్లో భలే ఉంది. డబ్బు కట్టేముందు ఒక్క మాట అడుగుదామని ఆగాను. తీసుకోవచ్చా?

కొత్తచేయి

కళ్లు మూసుకుని తీసుకో బ్రో. ఎక్కువ జూమ్ ఉంటే తగ్గించుకోవచ్చు, తక్కువ ఉంటే పెంచుకోలేం కదా. నాదీ అదే, నిన్ననే ఆర్డర్ పెట్టాను.

పాతగురి

కళ్లు మూసుకుని కొనే వస్తువు కాదయ్యా అది, కళ్లు తెరిచి చూడటానికి కొనేది.

పొలంగట్టు, ముందు నాలుగు సంగతులు చెప్పు. ఎంత దూరంలో కొడతావు? మనసులో ఉన్న దూరం కాదు, నిజంగా కొట్టే దూరం. నడుస్తూ కొడతావా, ఒకచోట కూర్చునా? ఏ వేళలో? రైఫిల్ మీద స్కోప్ బిగించడానికి ఏముంది, గాడా, రైలా?

పొలంగట్టు

అడుగులు లెక్కపెట్టి చూశాను సార్. ఎక్కువగా 40 నుంచి 60 గజాలు. దగ్గరైతే 20, మరీ దూరమంటే 80. సగం నడుస్తూ, సగం గట్టుకి ఆనుకుని కూర్చుని. తెల్లవారుజామున, మళ్లీ పొద్దువాలాక. రైఫిల్ పైన 11 మి.మీ. గాడి ఉంది.

పాతగురి

అయితే 6-24 మాట మర్చిపో.

నేనూ ఒకప్పుడు అలాంటిదే కొన్నాను. స్కోపే ముప్పావు కిలో దగ్గరికొచ్చేది, సన్నపాటి .22 మీద పెడితే రైఫిల్ తలకిందులయ్యేట్టుండేది. సరే, బరువు మోయొచ్చు. అసలు చిక్కు వేరే. మొదటిరోజు 45 గజాల్లో ఒక ఉడత నిటారుగా నిలబడి నావైపే చూస్తోంది. మామూలు కంటికి చక్కగా కనబడుతోంది. స్కోప్‌లో కన్ను పెట్టాను, గడ్డి. కొంచెం ఎడమకి జరిపాను, ఇంకో గడ్డి. ప్రతి గడ్డిపోచ మీదా మంచుబొట్టు లెక్కపెట్టొచ్చు, ఉడత మాత్రం లేదు. తల ఎత్తి చూస్తే అక్కడే ఉంది. మళ్లీ వంగాను, మళ్లీ గడ్డి. మూడోసారి తల ఎత్తేసరికి బొరియ ఒక్కటే మిగిలింది.

ఎందుకంటే 24 మీద, 50 గజాల దగ్గర, స్కోప్‌లో కనబడే వెడల్పు మీటరు కూడా ఉండదు. అదే 3 మీద అయితే దాదాపు 5 మీటర్లు. చిన్న జంతువు ఒకచోట నిలబడేది రెండు మూడు సెకన్లు. ఆ సమయమంతా దాన్ని వెతకడానికే పోతే గురి ఎప్పుడు చూస్తావు?

"తగ్గించుకోవచ్చు కదా" అన్నాడు కొత్తచేయి. ఎంత తగ్గించినా 6 దగ్గర ఆగిపోతుంది. 20 గజాల్లో పరిగెత్తి ఆగిన కుందేలుకి 6 కూడా ఎక్కువే.

నీ వేటకి 3-9×40 గానీ, 2-7×32 గానీ చాలు. మాగ్నిఫికేషన్ గురించి ఇక ఆలోచించకు. నీ దూరాలకి అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. అది సున్నాసున్నా గారు నాకన్నా బాగా చెబుతారు.

దూరదర్శి

పాతగురి గారూ, మీరు చెప్పింది .22 ఎల్‌ఆర్‌కి నిజం. కానీ ఈ చర్చ చదివి ఎవరైనా పెద్ద స్కోపులన్నీ దండగ అనుకుంటారేమోనని రాస్తున్నాను.

నేను .223, .22-250లతో (.22 ఎల్‌ఆర్ కన్నా చాలా వేగమైన తూటాలు) 200 నుంచి 300 గజాల మధ్య నేల ఉడతలనే కొడతాను. నడవను. ముందు బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) వేసుకుని, వెనక బట్ కింద ఇసుక సంచి పెట్టుకుని, పొద్దున్నుంచీ ఒకేచోట పడుకుంటాను. నిలబడ్డ ఉడత ఒళ్లు 5 సెం.మీ. వెడల్పు అనుకోండి, 200 గజాల్లో అది 1 ఎంఓఏకి (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అటూ ఇటూ. 9 మీద అది ఒక చుక్క. నాకు 18, 20 కావాల్సిందే.

ఇంకో మాట, 24 ఉన్న స్కోప్‌ని 24 మీద వాడేది చాలా తక్కువ. ఎండెక్కాక నేల మీద నుంచి వేడి లేస్తుంది కదా, పెద్ద జూమ్‌లో ఆ సెగ కూడా పెద్దదవుతుంది. ఉడత నీళ్ల అడుగున ఉన్నట్టు ఊగుతుంది. ఎక్కడ ఉందో, ఎక్కడ ఉన్నట్టు కనబడుతోందో తేడా తెలియదు. నేను మధ్యాహ్నానికి 12కి దించేస్తాను. అయినా ఊగుతుంటే తుపాకీ సర్దేసి ఇంటికి పోతాను.

పాతగురి

దూరదర్శి గారూ, ఒప్పుకుంటున్నాను. పడుకుని కొట్టే వేట వేరు, నడిచి కొట్టే వేట వేరు. రెండింటికీ ఒకే స్కోప్ అడిగితే రెండింటికీ చెడుతుంది.

సున్నాసున్నా

పేరు పిలిచారు కాబట్టి వచ్చాను. ఆ ముఖ్యమైన సంగతి పారలాక్స్, అంటే కన్ను పక్కకి జరిగితే గురి కూడా జరిగినట్టు కనబడటం.

పుస్తకం మాటలు వద్దు, ఇంట్లో చేసి చూడండి. రైఫిల్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. వెనక ఎవరూ లేని గోడ ఎంచుకుని, రైఫిల్‌ని ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టండి. 20 గజాల్లో ఒక మేకు తల మీదకి స్కోప్‌లోని గురి గీతలు తెచ్చి చేయి తీసేయండి. ఇప్పుడు తుపాకీని తాకకుండా, తల మాత్రం కొంచెం ఎడమకీ కుడికీ జరపండి. తుపాకీ కదల్లేదు, మేకు కదల్లేదు, కానీ గీతలు మేకు మీద నుంచి జారి పక్క ఇటుక మీదకి పోయి వస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నా స్కోప్ పాడైందనుకున్నాను. పాడవలేదు. దాని పారలాక్స్ 100 గజాలకి సెట్ అయి ఉంది, నేను చూస్తున్నది 20లో.

పెద్ద రైఫిళ్ల కోసం చేసే మామూలు స్కోపులకి ఫ్యాక్టరీలో పారలాక్స్ 100 గజాలకో, 150కో పెట్టేస్తారు. .22ల కోసం చేసేవాటికి 50, 60 గజాలు ఉంటుంది. ఉదాహరణకి వోర్టెక్స్ వాళ్ల 2-7×32 రిమ్‌ఫైర్ (.22 తరహా చిన్న తూటాల) మోడల్‌కి 50, లూపోల్డ్ రిమ్‌ఫైర్ వాటికి 60. బయట నుంచి చూస్తే రెండు రకాలూ ఒకేలా ఉంటాయి. చాలామంది దెబ్బతినేది అక్కడే.

గురి ఎంత తప్పవచ్చో లెక్క సులువే. ముందు అద్దం వ్యాసంలో సగం తీసుకోండి. పారలాక్స్ సెట్ అయిన దూరానికీ, మీరు కొట్టే దూరానికీ ఉన్న తేడాని సెట్ అయిన దూరంతో భాగించి, దానితో గుణించండి. 40 మి.మీ. అద్దం, 100 గజాల సెట్టింగ్, కొట్టేది 50లో అయితే 20 × 50/100, అంటే 10 మి.మీ. 25 గజాల్లో కొడితే 15 మి.మీ.

అదే 50కి సెట్ అయినదైతే 50 దగ్గర తప్పు సున్నా. 25 గజాల్లో 10 మి.మీ., 80లో 12. అంటే అదీ మంత్రం కాదు, మీరు ఎక్కువగా కొట్టే దూరంలో తప్పు లేకుండా చేస్తుంది, అంతే. ఇవన్నీ కన్ను బాగా అంచుకి జరిగినప్పుడు వచ్చే గరిష్ఠ అంకెలు. కన్ను నట్టనడుమ ఉంటే ఏ స్కోప్‌లోనైనా పారలాక్స్ తప్పు ఉండదు.

కొత్తచేయి

10 మి.మీ.కా ఇంత రాద్ధాంతం?

పాతగురి

తమ్ముడూ, నేల ఉడత తల వెడల్పు ఎంతో ఎప్పుడైనా కొలిచావా? 3 సెం.మీ. ఉంటే గొప్ప. నట్టనడుమ గురి పెట్టావనుకో, అటు 15 మి.మీ., ఇటు 15 మి.మీ. అందులో 10 స్కోప్ తినేసింది. మిగిలిన 5లో నీ రైఫిల్ గ్రూప్ (తూటాలు చెదిరే మేర), నీ చేతి వణుకు, గాలి, అన్నీ సర్దుకోవాలి. సర్దుకోవు. పొలంగట్టు చెప్పిన కాళ్లు ఈడ్చుకుంటూ పోవడం అలాగే జరుగుతుంది.

జింకని కొట్టేవాడు 10 మి.మీ. గురించి ఆలోచించక్కర్లేదు. మనం ఆలోచించాలి.

గాలితుపాకీ

ఎయిర్ గన్ వాళ్ల తరఫున ఒక హెచ్చరిక. ఈ చర్చ చూసి స్ప్రింగ్ గన్ మీద కూడా .22 స్కోప్ పెట్టేద్దాం అనుకునేవాళ్లు ఆగండి.

స్ప్రింగ్ గన్‌కి దెబ్బ రెండు వైపులా ఉంటుంది. లోపలి పిస్టన్ ముందుకి దూకగానే తుపాకీ వెనక్కి వస్తుంది, పిస్టన్ చివర ఆగగానే తుపాకీ ముందుకి ఉరుకుతుంది. మామూలు స్కోప్‌లో అద్దాలని వెనక్కి వచ్చే దెబ్బకి తట్టుకునేలా బిగిస్తారు. ఈ ముందుకి దూకే దెబ్బ దానికి కొత్త. పెద్ద రైఫిల్ మీద పదేళ్లు నిలబడ్డ నా స్కోప్ ఒకటి స్ప్రింగ్ గన్ మీద నెల తిరక్కుండానే పోయింది. ఒకరోజు కన్ను పెట్టి చూస్తే నిలువు గీత ఐదు నిమిషాల దగ్గరున్న గడియారం ముల్లులా వాలి ఉంది. ఊపితే లోపల గలగల. కంపెనీ పేరు చెప్పను, తప్పు నాదే. ఎయిర్ గన్‌కి పనికొస్తుందని రాసి ఉన్నవే కొనండి. స్కోప్‌ని పట్టుకునే రింగుల వెనక స్కోప్ స్టాప్ కూడా పెట్టుకోండి, లేకపోతే గాడిలో మొత్తం మౌంటే వెనక్కి పాకుతుంది.

పారలాక్స్ 10 గజాల దాకా దిగే స్కోప్ కావాలి మనకి. అంత దగ్గరలో కొట్టేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి. కన్ను చూసే గీత తుపాకీ గొట్టానికి దాదాపు 4 సెం.మీ. పైన ఉంటుంది. నాది 30 గజాలకి జీరో చేసి ఉంది (ఆ దూరంలో గీతలు ఉన్నచోటే తగిలేలా సరిచేసి ఉంది), 5 గజాల దగ్గర ఎలుకని కొడితే పెల్లెట్ గీతల కన్నా 2 సెం.మీ. కింద తగులుతుంది. దగ్గరే కదా అని నేరుగా పెట్టి కొడితే నేలకి తగులుతుంది.

పాతగురి

ఆ 4 సెం.మీ. మాట వచ్చింది కాబట్టి నా సిగ్గుచేటు కథ ఒకటి. రాతిగోడ మీద చేయి ఆనించి కుందేలుని చూస్తున్నాను. స్కోప్‌లో ఏ అడ్డూ లేదు, అద్దంలా ఉంది. ట్రిగ్గర్ నొక్కాను. నా ముఖం ముందు రాళ్లపొడి లేచింది. స్కోప్ గోడ పైనుంచి చూస్తోంది, గొట్టం మాత్రం గోడ పైరాయి వెనక ఉంది. తూటా రాయి అంచు గీరుకుని ఎటు పోయిందో ఈరోజుకీ తెలియదు. ఆ ముక్క కంట్లో పడకపోవడం నా అదృష్టం. స్కోప్‌లో దారి ఖాళీగా ఉంటే గొట్టం ముందూ ఖాళీగా ఉందని కాదు. ప్రతిసారీ తల ఎత్తి చూడండి. .22 తూటా మైలు పైన ప్రయాణం చేస్తుంది, రాయికో నీళ్లకో తగిలితే ఎటైనా తిరుగుతుంది. వెనక మట్టికట్ట లేకపోతే కొట్టవద్దు.

ఇంకోటి. ఏదో కదిలింది, ఏమిటా అని స్కోప్‌తో చూసేవాళ్లని నేను పక్కన నిలబడనివ్వను. అది మనిషే అయితే నువ్వు మనిషి మీద తుపాకీ గురిపెట్టినట్టే. చూడటానికి బైనాక్యులర్ వేరే ఉండాలి.

చీకటిపడ్డాక

పొలంగట్టు తమ్ముడు తెల్లవారుజాము, పొద్దువాలాక అన్నాడు. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు 58 ఏళ్లు, కళ్లద్దాలు, నా వేటంతా ఆ వేళల్లోనే. కాబట్టి ఇది నా సబ్జెక్టు.

స్కోప్‌ని చేతి దూరంలో పట్టుకుని వెనక అద్దంలోకి చూడండి. చిన్న గుండ్రటి వెలుగు బిళ్ల కనబడుతుంది. కంటిలోకి వచ్చే వెలుగంతా ఆ బిళ్లే. దాని సైజు ముందు అద్దాన్ని మాగ్నిఫికేషన్‌తో భాగిస్తే వస్తుంది. 40ని 9తో భాగిస్తే 4.4 మి.మీ. 50ని 24తో భాగిస్తే 2 మాత్రమే. మసకవెలుతురులో కుర్రవాళ్ల కంటిపాప 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది, నా వయసుకి 5 వస్తే గొప్ప. 2 మి.మీ. బిళ్లతో పొద్దువాలాక చూస్తే బొగ్గులగదిలోకి తొంగిచూసినట్టే ఉంటుంది. జూమ్ 6కి దించితే 40 అద్దంతోనే 6.7 వస్తుంది, కుందేలు చెవి అంచు మళ్లీ కనబడుతుంది. చీకటి పడుతుంటే జూమ్ పెంచాలనిపిస్తుంది చేతికి. దించాలి.

కొత్తచేయి

అక్కా, 30 మి.మీ. ట్యూబ్ ఉన్నది తీసుకుంటే వెలుగు ఎక్కువ వస్తుంది కదా?

చీకటిపడ్డాక

రాదమ్మా. ఇది ఎవరు మొదలుపెట్టారో గానీ అందరూ నమ్ముతారు. ట్యూబ్ లావుగా ఉంటే లోపల గీతలు పైకీ కిందకీ జరగడానికి చోటు ఎక్కువ దొరుకుతుంది, అది దూరం కొట్టేవాళ్లకి పనికొస్తుంది. వెలుగు విషయం ముందు అద్దం, జూమ్, కోటింగ్ చూసుకుంటాయి. కోటింగ్ లేని గాజు ప్రతి ముఖం దగ్గరా సుమారు 4 శాతం వెలుగు వెనక్కి కొట్టేస్తుంది. స్కోప్ లోపల అలాంటి ముఖాలు పది పైనే ఉంటాయి, లెక్కేసుకో. అందుకే అన్ని అద్దాలకీ అన్ని వైపులా పలుపొరల కోటింగ్ ఉందా అని చూడాలి. "కోటెడ్" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఒక్క ముఖానికే పూసి ఉండొచ్చు.

50 అద్దం మీద మోజు పడకండి. అది గొట్టానికి తగలకుండా ఉండాలంటే ఎత్తు రింగులు కావాలి. ఎత్తు రింగులు పెడితే చెంప బట్‌కి ఆనదు, గడ్డం ఆనుతుంది. తల గాల్లో ఊగుతుంటే కన్ను నడుమ ఎలా ఉంటుంది? సున్నాసున్నా గారు చెప్పిన పారలాక్స్ తప్పంతా అక్కడినుంచే మొదలు.

కళ్లద్దాలవాళ్లు కంటికీ స్కోప్‌కీ మధ్య 9 సెం.మీ. దాకా దూరం ఇచ్చేది చూసుకోండి. .22కి దెబ్బ ఉండదు కాబట్టి కనుబొమ్మ పగలదు కానీ, అద్దాలు స్కోప్‌కి టకటకా కొట్టుకుంటుంటే చిరాకు.

పొలంగట్టు

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ దండాలు. 6-24 కార్ట్‌లోంచి తీసేశాను.

ఇంకో రెండు సందేహాలు. గీతలు ఎలాంటివి మంచివి? కొన్నింట్లో కింద మెట్లమెట్లుగా గుర్తులున్నాయి, దూరానికి తగ్గట్టు వాడుకోవచ్చట. రెండోది, ఎంత దూరానికి జీరో చేయాలి?

దూరదర్శి

గీతలు నేను చెబుతాను. అంచుల్లో లావు, నడుమ సన్నం ఉండే మామూలు గీతలు మీ పనికి చక్కగా సరిపోతాయి. మసకలో లావు గీతలు కంటిని నడుమకి నడిపిస్తాయి. మరీ సన్న గీతలు గడ్డిలో కలిసిపోతాయి.

మెట్ల గుర్తులు ఒక ఫలానా తూటాకి, ఫలానా వేగానికి లెక్కవేసి గీసినవి. మీ పెట్టెలో తూటా వేరైతే ఆ అంకెలు మీవి కావు. కాగితం మీద కొట్టి, ఏ మెట్టు మీ రైఫిల్‌కి ఎన్ని గజాలో మీరే రాసుకోవాలి. పైగా ఎక్కువ స్కోపుల్లో గీతలు రెండో ఫోకల్ ప్లేన్‌లో ఉంటాయి, అంటే జూమ్ మార్చినా గీతల సైజు మారదు. అలాంటప్పుడు మెట్లు ఒక్క జూమ్ దగ్గరే నిజం చెబుతాయి, మామూలుగా అన్నిటికన్నా పెద్ద జూమ్ దగ్గర. 9 మీద రాసుకున్న లెక్కని 5 మీద వాడితే మట్టిని కొడతారు.

మొదటి ఫోకల్ ప్లేన్ వాటిలో గీతలూ జూమ్‌తో పాటే పెరుగుతాయి కాబట్టి లెక్క ఎప్పుడూ సరే. కానీ 3 మీద గీతలు వెంట్రుకలంత సన్నమైపోతాయి, పొద్దువాలాక అస్సలు కనబడవు. మీకు అక్కర్లేదు.

సున్నాసున్నా

జీరో 50 గజాలకి చేయండి. 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) మామూలు వేగం తూటా, అంటే సెకనుకి 1,070 అడుగుల చుట్టుపక్కల ఉన్నది, 50కి జీరో చేస్తే 20 నుంచి 55 గజాల దాకా గీతలకి వేలెడు లోపే తిరుగుతుంది. 75 దగ్గర సుమారు 5 సెం.మీ. కిందకి పడుతుంది, 100 దగ్గర 16 సెం.మీ. దాకా. మీ 80 గజాలు అప్పుడే జారుడుబల్ల మీద కాలు పెట్టినట్టు. 10 గజాలు తప్పుగా అంచనా వేశారంటే తల బదులు కాలు.

క్లిక్కుల లెక్క, అంటే గురి సరిచేసే నాబ్ ఒక్కో మెట్టు తిరగడం. 1 ఎంఓఏ 100 గజాల్లో 2.66 సెం.మీ. పావు ఎంఓఏ క్లిక్ ఉన్న స్కోప్‌లో 100 దగ్గర ఒక క్లిక్ దాదాపు 7 మి.మీ. 50 దగ్గర అందులో సగం. జీరో చేసేటప్పుడు 2 సెం.మీ. జరపాలంటే 50 గజాల్లో 6 క్లిక్కులు తిప్పాలి. చాలామంది 100 గజాల లెక్కతో 3 తిప్పి, స్కోప్ పనిచేయడం లేదని తిట్టుకుంటారు.

తూటా గురించి ఒక విచిత్రం. .22లో హైవెలాసిటీ తూటాలకి గాలి ఎక్కువ తగులుతుంది, మామూలువాటికే తక్కువ. తూటా ధ్వని వేగానికి పైన మొదలై దాన్ని దాటి కిందకి దిగుతున్నప్పుడు గాలి బాగా వెనక్కి లాగుతుంది. ఎంత వేగం పోగొట్టుకుంటే అంత పక్కకి కొట్టుకుపోతుంది. పక్కగాలి గంటకి 16 కి.మీ. ఉంటే 100 గజాల్లో మామూలు తూటాయే 10 సెం.మీ. దాకా జరుగుతుంది. దీనికి ఏ స్కోపూ మందు కాదు.

దూరదర్శి

చేతిలో .17 హెచ్‌ఎంఆర్ (ఇంకా సన్నని, వేగమైన తూటా) రైఫిల్ ఉంటే ఈ బాధ సగం ఉండదు. 17 గ్రెయిన్ల తూటా సెకనుకి 2,550 అడుగులతో బయల్దేరుతుంది.

సున్నాసున్నా

అతని చేతిలో .22 ఉంది సార్. 🙂

పాతగురి

బిగించడం గురించి చెప్పి నేను పడుకుంటాను.

11 మి.మీ. గాడికి సరిపడే రింగులు తీసుకో, రైలు రింగులు పట్టవు. గాడి, రింగు రెండూ నూనె లేకుండా తుడువు. స్కోప్ వదులుగా పెట్టి, కళ్లు మూసుకుని చెంప ఆనించు, తర్వాత కళ్లు తెరువు. నల్లటి వలయం లేకుండా నిండుగా కనబడేదాకా ముందుకీ వెనక్కీ జరుపు. ఇది పెద్ద జూమ్ మీద పెట్టి చేయాలి. నిలువు గీతని దూరంగా వేలాడదీసిన దారంతో సరిచూడు. గీత వాలి ఉంటే దగ్గరలో తెలియదు, దూరం పోయేకొద్దీ తూటా పక్కకి పోతుంది.

స్క్రూలని ఒకటి పూర్తిగా బిగించి ఇంకోటి మొదలుపెట్టకు, అన్నీ కొంచెం కొంచెం తిప్పుకుంటూ రా. పైరింగు స్క్రూలకి 15 నుంచి 18 అంగుళాల-పౌండ్లు చాలు. బలం ఉంది కదా అని బిగిస్తే ట్యూబ్ నొక్కుకుపోతుంది, తర్వాత ఏ రింగు తిప్పినా పట్టేసినట్టుంటుంది.

ముందే వెనక అద్దం ఫోకస్ చేసుకో. ఖాళీ ఆకాశం వైపో, తెల్లగోడ వైపో చూసి, గీతలు నల్లగా కనబడేదాకా తిప్పు. సూర్యుడి వైపు పొరపాటున కూడా వద్దు. ఒక్కోసారి రెండు మూడు సెకన్లే చూడు. ఎక్కువసేపు చూస్తే కన్నే సర్దుకుపోయి, బాగానే ఉందని అబద్ధం చెబుతుంది.

పొలంగట్టు

నెలన్నర తర్వాత వచ్చాను. 3-9×40 తీసుకున్నాను, ముందు అద్దం దగ్గర రింగు తిప్పి పారలాక్స్ మార్చుకునేది, 10 గజాల నుంచి మొదలవుతుంది.

మొదటి రెండు రోజులూ నరకం. ఐదు తూటాలు ఒకచోట, ఆరోది బెత్తెడు పక్కన, ఏడోది మళ్లీ మొదటిచోట. స్కోప్ వెనక్కి పంపేద్దామనుకున్నాను. చివరికి చూస్తే వెనక రింగు గాడికి పట్టే స్క్రూ వేలితో తిరుగుతోంది. పైస్క్రూల మీద పెట్టిన శ్రద్ధ దీని మీద పెట్టలేదు. బిగించాక 50 గజాల్లో ఐదూ ఒక బొటనవేలు గోరు కింద దాగేంత గ్రూప్.

జూమ్ ఎప్పుడూ 5 దగ్గరే ఉంచుతున్నాను. ఇప్పటికి పదకొండు ఉడతలు, మూడు కుందేళ్లు. ఒక్కటి కూడా కాలు ఈడ్చుకుంటూ పోలేదు. ఒకటి మాత్రం పూర్తిగా తప్పింది, 60 గజాల్లో, కదలకుండా కూర్చున్న కుందేలు. ఎందుకో అర్థం కాలేదు.

సున్నాసున్నా

పారలాక్స్ రింగు ఎక్కడుంది అప్పుడు?

పొలంగట్టు

ఇప్పుడే ఆలోచిస్తున్నాను. అంతకుముందు కొట్టింది కొట్టం పక్కన 15 గజాల్లో ఉడత. రింగు అక్కడే ఉండిపోయింది. బొమ్మ కొంచెం మసకగా అనిపించింది కూడా, పొద్దువాలింది కదా అనుకున్నాను.

చీకటిపడ్డాక

నాకూ ఇలాగే అయ్యేది. 50 గుర్తు దగ్గర తెల్ల గోళ్లరంగు చుక్క పెట్టాను. నడక మొదలుపెట్టేముందు చుక్క పైకి ఉందా అని వేలితో తడుముతాను, చీకట్లో కూడా తెలుస్తుంది.

పొలంగట్టు

చుక్క పెట్టేశాను అక్కా. మా ఆవిడ సీసా అడగకుండా తీసినందుకు ఇంట్లో వేరే చర్చ నడుస్తోంది.

కొత్తచేయి

ఒక 6-24×50 ఉంది, కొత్తది, పెట్టెతో సహా, నాలుగుసార్లు మాత్రమే వాడినది. ఎవరికైనా 3-9 అదనంగా ఉంటే మార్చుకుందాం. కారణం అడగొద్దు.

దూరదర్శి

మెసేజ్ పెట్టు తమ్ముడూ, నా .223 మీదకి చూద్దాం. ముందు పారలాక్స్ నాబ్ 300 దాకా సాఫీగా తిరుగుతోందో లేదో చెప్పు.